బైకు కొనండి, కానీ దాని మీద రోజూ ఒంగోలుకు వెళ్లకండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ వయసు 23. ఇల్లు కావలికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో. ఒంగోలులో ఉద్యోగం దొరికింది. బైకు కొనుక్కుని రోజూ వెళ్లి రావాలన్నది మీ ఆలోచన. మేనమామ కొడుకు బైకు ప్రమాదంలో పోయినప్పటి నుంచి ఇంట్లో ఆ మాట ఎత్తితేనే అమ్మగారు కంటతడి పెడుతున్నారు. ‘బైకు నిజంగా అంత ప్రమాదమా? అయితే ఆ ప్రమాదానికి తగిన లాభం దానిలో ఉందా, లేక ఇదంతా వయసు సరదానేనా?’ అని అడిగారు.

సూటిగా చెబుతాను. బైకు కొనండి. కానీ దాని మీద రోజూ ఒంగోలుకు వెళ్లకండి. ఇంటి నుంచి కావలి స్టేషను దాకా బైకు, అక్కడి నుంచి రైలు, రైలు దొరకని రోజు ఆర్టీసీ బస్సు. మీ అమ్మగారి భయమూ నిజమే, మీ కోరికలోని న్యాయమూ నిజమే. ఆవిడ భయానికి కారణం హైవే. బైకు మీకు నిజంగా పనికొచ్చేది మీ ఊరి రోడ్ల మీద. ఈ రెంటినీ విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

నేను నెల్లూరులో టూవీలర్ మెకానిక్‌ని. టూ స్ట్రోక్ బళ్లు తిరిగే రోజుల్లో పని నేర్చుకున్నాను. ఇటు గూడూరు నుంచి అటు చీమకుర్తి దాకా ఈ రోడ్ల మీద బండి నడుపుతూనే ఉన్నాను. పడిన బళ్లు చివరికి వచ్చేది మా షెడ్డుకే. మనిషి చెప్పే కథ ఒకలా ఉంటుంది, బండి చెప్పేది ఒక్కోసారి మరోలా ఉంటుంది. నేను రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాను.

మొదట దేశం లెక్క చూడండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 44.5 శాతం రెండు చక్రాల బళ్ల మీద ఉన్నవాళ్లే. అదే నివేదికలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంకె ఇంకొకటి ఉంది. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లర. మరణాల్లో మాత్రం 36 శాతం వాటి మీదే. అంటే బండితో పాటు ఏ రోడ్డు ఎక్కుతున్నారన్నది కూడా మీ ప్రాణం విషయంలో తేల్చే సంగతే.

ఇప్పుడు మీ లెక్క. కావలి నుంచి ఒంగోలుకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 70 కిలోమీటర్లు. రానుపోను 140. నెలకు 25 పనిదినాలు వేసుకుంటే 3,500. ఏడాదికి నలభై వేలు దాటుతుంది. మా దగ్గరికి సర్వీసింగుకు వచ్చే మామూలు ఉద్యోగి బండి నాలుగేళ్లలో తిరిగేంత దూరం మీరు ఒక్క ఏడాదిలో, అదీ హైవే మీదే తిరుగుతారన్నమాట. లీటరుకు 60 ఇచ్చే బండి అయినా నెలకు 58 లీటర్లు కావాలి. పెట్రోలు వంద దాటిన ఈ రోజుల్లో ఆ ఖర్చుకు పక్కన రైలు సీజన్ టికెట్టు ఖరీదు పెట్టి చూసుకోండి. టైర్లు, చైన్ స్ప్రాకెట్, ఇంజన్ ఆయిలు ఇందులో కలపలేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. నన్ను భయపెట్టేది మీ తిరుగు ప్రయాణం. ఆఫీసు వదిలేసరికి ఆరు. చలికాలం నెలల్లో టంగుటూరు దాటకముందే చీకటి పడిపోతుంది. రోజంతా పని చేసిన ఒళ్లు, ఎదురుగా లారీల లైట్లు. చిన్న బండి హెడ్‌లైటు డిమ్‌లో ఉన్నప్పుడు ముప్పై నలభై మీటర్లకు మించి స్పష్టంగా కనిపించదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నారనుకోండి. అడ్డం ఉందని కన్ను చూసి చెయ్యి బ్రేకు మీదకు వెళ్లడానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులోనే బండి 22 మీటర్లు వెళ్లిపోతుంది. రెండు బ్రేకులూ చక్కగా పట్టినా, పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 40 మీటర్లు కావాలి. మొత్తం అరవైకి పైన. కనిపించేదేమో నలభై. వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీని 80లో వెళ్తున్నవాడు చూస్తాడు, కానీ ఆగలేడు. నడపడంలో ఎంత మొనగాడైనా ఈ లెక్క మారదు. 60కి తగ్గితే ఆగే దూరం మొత్తం 40 మీటర్ల దగ్గరికి వస్తుంది. రాత్రి హైవే ఎక్కక తప్పని రోజు ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక బ్రేకుల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. నాకు తెలిసి ఎక్కువ మందిని కాపాడగలిగేదీ, ఎవరూ నేర్పనిదీ ఇదే.

పడిన బండి షెడ్డుకు రాగానే నేను ముందు వెనక టైరును చేత్తో తిప్పి చూస్తాను. చాలా బళ్లకు ఒకచోట అరచేతి వెడల్పున రబ్బరు చెక్కేసినట్టు నున్నగా అరిగి ఉంటుంది. చక్రం తిరగడం ఆగిపోయి, రోడ్డు మీద ఈడ్చుకుపోయిన గుర్తు అది. తర్వాత ముందు చక్రం విప్పుతాను. డ్రమ్ము బ్రేకు బళ్లయితే వెనక షూలు రేకు దాకా అరిగిపోయి ఉంటాయి. ముందు షూలు మాత్రం కొత్తగా వేసినప్పటిలాగే ఉంటాయి, వాటి మీద దుమ్ము తప్ప ఏమీ ఉండదు. అంటే ఆ మనిషి ఇన్నాళ్లూ కాలి బ్రేకుతోనే బండి ఆపుతూ వచ్చాడు. ప్రాణం మీదకు వచ్చిన ఆ ఒక్క క్షణంలోనూ దాన్నే తొక్కాడు.

‘ముందు బ్రేకు పడితే బోర్లా పడతావు’ అని సైకిలు నేర్పేటప్పుడు పెద్దవాళ్లు చెప్పిన మాట మన ఒంట్లో అలా పాతుకుపోయింది. నిజానికి బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు వాలుతుంది. వెనక చక్రం తేలికవుతుంది, కొంచెం గట్టిగా తొక్కితే లాక్ అయి జారుతుంది. ముందు చక్రం మాత్రం రోడ్డును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. బండిని ఆపే బలంలో దాదాపు మూడింట రెండు వంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ముందు బ్రేకుదే. వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆగే దూరం ఇంచుమించు రెట్టింపవుతుంది.

ఇది నా షెడ్డులో మాత్రమే కనిపించే సంగతి కాదు. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజలెస్ ప్రాంతంలో 900 మోటారుసైకిల్ ప్రమాదాలను స్వయంగా వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. ఆపద వేళ ఎక్కువ మంది వెనక బ్రేకును అతిగా తొక్కారని, ముందు బ్రేకును సరిగా వాడలేదని అందులో ఉంది. ప్రమాదంలో పడినవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్లు, స్నేహితులు చెప్పగానో బండి నేర్చుకున్నవాళ్లే. మన దగ్గరా అంతే కదా. మీరెలా నేర్చుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి.

సాధన ఇలా చేయండి. ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్లు మీ కావలి చుట్టూ చాలా ఉంటాయి. ఆదివారం పొద్దున్నే మంచి తారు రోడ్డున్న ఒకదానికి వెళ్లండి. ఇసుక లేకుండా చూసుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో హ్యాండిల్ తిన్నగా పెట్టి, రెండు వేళ్లతో ముందు బ్రేకును మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోండి. ఒక్కసారిగా లాగొద్దు. వెనక బ్రేకు దానికి తోడుగా ఉండాలి, అంతే. అలవాటయ్యాక 40, తర్వాత 50. ఒక్క పూటతో సరిపెట్టకండి, చేతికి అలవాటయ్యే దాకా చేయండి. హ్యాండిల్ పక్కకు తిప్పి ఉన్నప్పుడు, మలుపు మధ్యలో, ఇసుక మీద మాత్రం ముందు బ్రేకును గట్టిగా పట్టకూడదు. ఆ మూడు చోట్లా పని ముందే చేసుకోవాలి, అంటే మలుపు రాకముందే వేగం తగ్గించాలి.

మన రోడ్ల మీద ప్రమాదం ఎక్కడ కాచుకుని ఉంటుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. డివైడర్ మధ్య ఖాళీ వదిలిన ప్రతి పల్లె దగ్గరా ట్రాక్టరో ఆటోనో ఎదురుదారిలో వస్తుంది. ఉంటే ఉండవచ్చు అనుకోకండి, ఉందనుకునే వెళ్లండి. పెన్నా ఇసుక ట్రాక్టర్లు తిరిగే రోడ్ల మీద మలుపుల్లో సన్నటి ఇసుక పొర పరుచుకుని ఉంటుంది. చీమకుర్తి వైపు వెళ్తే గ్రానైటు రాళ్ల లారీలు. వాటి వెనక దగ్గరగా ఎప్పుడూ వెళ్లకండి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల బళ్ల నుంచి కారిన ఉప్పునీళ్లతో రోడ్డు తడిసి ఉంటుంది. చక్రం జారడమే కాదు, ఆ ఉప్పుగాలికి బ్రేకు కేబుళ్లు కూడా తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. సముద్రం దగ్గరి ఊళ్ల బళ్లకు కేబుళ్లు తొందరగా మార్చాలని నేను పట్టుబట్టేది అందుకే. కార్తీకం చుట్టూ వచ్చే వాయుగుండం వానల్లో నీళ్లు నిలిచిన చోట గుంత ఎంత లోతుందో ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే నాకు కడుపు మండేది వడ్ల విషయంలో. కోతల కాలంలో రైతులు రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. కళ్లం లేని రైతు ఏం చేస్తాడు, ఆ బాధ నాకు తెలుసు. కానీ బళ్లు తొక్కకుండా రాశి చుట్టూ తలకాయంత రాళ్లు వరుసగా పెడతారు. వడ్లు ఎత్తుకుని ఇంటికి వెళ్లేటప్పుడు ఆ రాళ్లను పక్కకు దొర్లించరు. రాత్రి వచ్చే కుర్రవాడికి అక్కడ పొద్దున వడ్లు ఉన్నాయన్న సంగతే తెలియదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలను ఫోర్కులంటాం; నా చేతులతో విప్పిన వంకర ఫోర్కుల్లో ఆ రాళ్ల వల్ల వంగినవి చాలా ఉన్నాయి. మీది రైతు కుటుంబమైతే మీ ఇంట్లోవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

హెల్మెట్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. 2022లోనే హెల్మెట్ లేక 50,029 మంది పోయారు. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. హెల్మెట్ పెట్టుకుంటే తల గాయాలు 69 శాతం, మరణాలు 42 శాతం తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన వైద్య సమీక్ష తేల్చింది. చట్టం ప్రకారం వెనక కూర్చున్న మనిషికీ హెల్మెట్ తప్పనిసరి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు చేసే వీలు కూడా 2019 సవరణలో ఉంది. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 4151 అన్న నంబరు చూసి కొనండి. పెట్టుకుని, పట్టీ బిగించి, వెనక నుంచి పైకి ఎత్తి చూడండి. ఊడి వస్తే అది మీ సైజు కాదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ వాడకూడదు.

ఇంత చెప్పాక కూడా బైకు కొనమంటున్నానంటే కారణం ఉంది. మీ ప్రశ్నలోని రెండో సగం, లాభం సంగతి, మొదటి సగమంత గట్టిదే.

బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చే ఊళ్లు మెట్ట ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. ఉదయగిరి వైపు ఒక పల్లెలో పనిచేసే టీచరమ్మ స్కూటరు సర్వీసింగుకు మా దగ్గరికే వస్తుంది. స్కూటరు కొనకముందు బస్సు తప్పితే ఆ రోజు బడి తప్పినట్టేనట. ఇప్పుడు బడి అయ్యాక పిల్లలకు ఇంకో గంట లెక్కలు చెప్పి మరీ బయల్దేరుతోంది. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లకు అర్ధరాత్రి ఏరేటర్ (చెరువు నీళ్లకు గాలి అందించే యంత్రం) ఆగిందని ఫోను వస్తే, తెల్లారే దాకా ఆగితే పంటంతా పోతుంది. పాలు పోసేవాళ్లు, పశువైద్య సహాయకులు, కందుకూరు, ఒంగోలు పొగాకు వేలానికి వెళ్లే రైతులు, వీళ్లకు బండి లేకపోతే బతుకే సగమైపోతుంది. మీ పల్లెలో మీ అమ్మగారికి రాత్రి పూట ఒంట్లో బాగాలేకపోతే కావలి ఆసుపత్రికి ముందు చేర్చేది ఏ బండో ఆవిడనే ఆలోచించమనండి.

ఆనందం సంగతి కూడా దాచను, దాన్ని సరదా అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. తెల్లవారుజామున మైపాడు వైపు వరిచేల మధ్య నుంచి వెళ్తుంటే, సముద్రం కనపడకముందే గాలిలో ఉప్పు తెలుస్తుంది. ఆత్మకూరు దాటి సోమశిల వైపు తిరిగితే గాలి మారిపోతుంది. భైరవకోన దారిలో, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో ఒంట్లోని ప్రతి కండరం మేలుకుని ఉంటుంది. మనసు ఇంకో ఆలోచన పెట్టుకోదు, పెట్టుకుంటే బండి నడవదు. ఇరవై నిమిషాలు బైకు నడిపాక ఒంట్లో ఒత్తిడి సూచికలు 28 శాతం తగ్గాయని అమెరికాలో పరిశోధకులు 2021లో ప్రచురించారు. ఆ పరిశోధనకు డబ్బు ఇచ్చింది హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ కాబట్టి నేను దాని మీద పెద్దగా ఆధారపడను. కానీ అప్పులతో, ఇంటి గొడవలతో నలిగిపోయినవాళ్లు ఒక గంట తిరిగొచ్చి తేలికపడటం మాత్రం నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను. శ్రీశైలం ఘాట్ మాత్రం పగటిపూటే. రాత్రి అడవిలోకి బళ్లను వదలరు.

కొనేటప్పుడు ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. మీ అవసరానికి 125 సీసీ చాలు. దాని దాకా ఉన్న బళ్లలో ఏబీఎస్ లేనివాటికి కంబైన్డ్ బ్రేకింగ్ ఉంటుంది, అంటే కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. ఏబీఎస్ అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు. 125 దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. మీ బడ్జెట్ అనుమతిస్తే ఏబీఎస్ ఉన్నదే తీసుకోండి. అలాయ్ చక్రాలకు, స్టిక్కర్లకు పెట్టే డబ్బు దానికి పెట్టండి. సెకండ్ హ్యాండ్ అయితే హ్యాండిల్ వదిలేసి నెమ్మదిగా నడిపినప్పుడు ఒక పక్కకు లాగుతోందేమో ఎవరైనా మెకానిక్‌తో చూపించుకోండి, లాగితే ఫోర్కో ఛాసిసో వంగి ఉంటుంది. టైర్లలో గాలి వారానికోసారి చూసుకోవాలి. తాగిన రోజు తాళం ఇంట్లోనే ఉండాలి, ఒక్క పెగ్గు అయినా సరే.

బండిని మీ పేరు మీదే రిజిస్టరు చేయించండి. ఇది చాలామందికి తెలియదు. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. దానితో పాటు యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. అది వర్తించేది యజమానే నడుపుతూ, లైసెన్సు చెల్లుబాటులో ఉన్నప్పుడు. మన ఊళ్లలో అలవాటుగా బండి నాన్న పేరు మీద ఉంటుంది, నడిపేది కొడుకు. జరగరానిది జరిగితే ఆ 15 లక్షలు ఆ కొడుకు విషయంలో రావు.

అమ్మగారితో మాట్లాడేటప్పుడు ‘నాకేమీ కాదు’ అనకండి. ఆవిడ కళ్లముందు ఒక పిల్లవాడు పోయాడు, ఆ మాట ఆవిడ నమ్మదు, నమ్మకూడదు కూడా. హైవే ఎక్కనని, ఒంగోలు నుంచి రైల్లోనో బస్సులోనో వస్తానని చెప్పండి. హెల్మెట్లు రెండు కొనండి, ఒకటి ఆవిడ సైజుది. ఆవిడను ఎక్కించుకునేటప్పుడు చీర కొంగు, కుచ్చిళ్లు చక్రంలో పడకుండా శారీ గార్డు, కాళ్లు పెట్టుకోవడానికి పలక ఉన్నాయో లేదో చూడండి. స్పోర్ట్స్ మోడల్ మోజులో వాటిని తీసేయించకండి.

రైలు దిగాక ఒంగోలు స్టేషను నుంచి మీ ఆఫీసు ఎంత దూరమో రాయలేదు. నాలుగైదు కిలోమీటర్లకు మించితే, పాత స్కూటరు ఒకటి కొని స్టేషను పార్కింగులో ఉంచుకోవడం కుదురుతుందేమో చూడవచ్చు. ఆ దూరం, మీ ఎత్తు, బండికి అనుకున్న మొత్తం రాయండి. ఏ మోడల్ మీకు సరిపోతుందో, సెకండ్ హ్యాండ్‌లో దేన్ని ముట్టుకోకూడదో చెబుతాను.